సర్కారుదా, సేటుదా?

ప్రతి ఆదివారం ఉదయం ఏడున్నర ప్రాంతంలో మా ఇంట్లో ఫోను మోగుతుంది. అప్పటికి టెక్సాస్‌లో శనివారం రాత్రి. మొదట అమ్మాయి మాట్లాడుతుంది, తరువాత మనుమరాలు వచ్చీరాని తెలుగులో నా ఆరోగ్యం కనుక్కుంటుంది, చివర అల్లుడుగారు వచ్చి నాలుగు మాటలు మాట్లాడి సెలవు తీసుకుంటారు. పదిహేనేళ్ళుగా ఇదే క్రమం. అల్లుడితో మామగారు మాట్లాడే మాటలకు మన ఇళ్ళలో ఒక పరిధి ఉంటుంది కదా. వాన పడిందా, ఎండ ముదిరిందా, మోకాలి నొప్పి ఎలా ఉంది. ఆ పరిధి దాటి మేమిద్దరం ఏనాడూ వెళ్ళలేదు, 2025 ఫిబ్రవరిలో ఒక్క ఆదివారం తప్ప.

ఆనాడు మా ఆవిడ ఫోనులో అమ్మాయితో, ముందురోజు సుల్తాన్‌బజారుకు వెళ్ళివచ్చిన సంగతి చెబుతూ, బస్సులో తనకు ఇచ్చిన సున్నా రూపాయల టిక్కెట్టును పుస్తకంలో దాచుకున్నానని నవ్వుతూ అన్నది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేదన్నది మిత్రులకు తెలిసిందే. ఆ మాట అల్లుడుగారి చెవిన పడింది. "మామయ్యగారూ, ఈ ఉచితాలతో రాష్ట్రాలు దివాలా తీస్తాయండీ. సబ్సిడీలు మనిషిని సోమరిని చేస్తాయి. ఇక్కడ చూడండి, ఎవరి సాయమూ లేకుండా సొంత బుర్రతో రాకెట్లు చేసినవాడు ఇవాళ ప్రభుత్వం దుబారాను తగ్గిస్తున్నాడు. మన దగ్గర కూడా అటువంటివాడు ఒకడు రావాలి" అన్నారు.

"అవును బాబూ, ఎండలు కూడా ముందే మొదలైనట్టున్నాయి" అన్నాను నేను.

పిరికితనమే, ఒప్పుకుంటాను. అల్లుడుగారు మంచి మనిషి. నాకు గుండెకు చికిత్స జరిగినప్పుడు విమానమెక్కి వచ్చి పన్నెండు రాత్రులు ఆసుపత్రి వరండాలో బెంచీమీద పడుకున్నారు. అటువంటి మనిషితో రాజకీయం మాట్లాడి మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. కానీ ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాడిని. ఒక మాటను తప్పుడు అర్థంలో వాడినప్పుడు ఊరుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆయన వాడిన మాట 'సబ్సిడీ'. ఆ మాట ఆ రోజు నుంచీ నా చెవిలో జోరీగలా తిరుగుతున్నది. అల్లుడితో అనలేనిది ఇక్కడ మీతో అనుకుంటున్నాను.

తెలుగులో దానిని రాయితీ అంటున్నాం. ఈ మాట మూలం నాకు చాలాకాలం తెలియదు. మా బడిలో ఉర్దూ చెప్పే పెద్దాయన ఒకరు ఉండేవారు. నన్ను పండిత్‌జీ అనేవారు, నేను ఆయనను మౌల్వీసాబ్ అనేవాడిని. మధ్యాహ్నం విరామంలో ఒకే చెట్టు కింద కూర్చుని నా పెరుగన్నం నేను, ఆయన రొట్టె ఆయన తింటూ ఇద్దరి భాషల అప్పులు లెక్కలు వేసుకునేవాళ్ళం. ఒకనాడు ఆయన చెప్పారు: రిఆయత్ అంటే దయతో చూసుకోవడం, రయ్యత్ అంటే అట్లా చూసుకోదగిన ప్రజ. రెండింటికీ అరబ్బీలో ఒకటే ధాతువు. పశువులను మేపడం, కాపు కాయడం దాని అర్థం. రిఆయతీయే మన రాయితీ. రయ్యత్తే మన రైతు. అంటే రైతు, రాయితీ తోబుట్టువులు! ఆ పూట నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. 'రైతుకు రాయితీ' అనే మాటను పత్రికలో ఎప్పుడు చూసినా ఆయనే గుర్తుకు వస్తారు.

వ్యాపారసంస్థకు ఇచ్చినప్పుడు మాత్రం ఈ మాట వాడరు. దానికి వేరే పేరు: ప్రోత్సాహకం. ప్ర, ఉత్ అనే రెండు ఉపసర్గలు, సహ్ అనే ధాతువు. సహనంలో ఉన్నదీ ఆ ధాతువే. ప్రోత్సాహం పుచ్చుకునేవారు ఒకరు, సహించేవారు ఇంకొకరు అని తరగతిలో పిల్లలను నవ్వించేవాడిని. ఇప్పుడు ఆలోచిస్తే అది అంత హాస్యమేమీ కాదనిపిస్తున్నది.

ఒక పాత సంగతి చెప్పాలి. 1999లో నేను పనిచేసే బడి నుంచి తొమ్మిదో తరగతి పిల్లలను శిల్పారామం చూపించడానికి తీసుకువెళ్ళాం. ఛత్రినాక పిల్లలకు అప్పట్లో మాదాపురం వేరే దేశంతో సమానం. లాల్‌దర్వాజా బోనాలు, ఫలక్‌నుమా రైలుపట్టాలు, చార్మినారు గాజుల అంగళ్ళు, అంతవరకే వాళ్ళ లోకం. శిల్పారామంలో మట్టికుండలు, నేతమగ్గాలు చూపిస్తే పెద్దగా ఆసక్తి చూపలేదు. ఇంటిదగ్గర చూసేవే కదా. బయటికి రాగానే రోడ్డుకు ఆవల గుండ్రంగా, అద్దాలతో మెరుస్తూ సైబర్ టవర్స్ కనిపించింది. అంతే, అందరూ నిలబడిపోయారు. అంతస్తులు లెక్కపెట్టారు. పది. అంతకు ముందు సంవత్సరం 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించిన భవనం అదేనని చెప్పాను. లోపలికి పోదామన్నారు. గేటు దగ్గర కాపలా మనిషి మర్యాదగానే వెనక్కి పంపించాడు.

అప్పుడు ఒక పిల్లవాడు అడిగాడు. వాళ్ళ నాన్న అలియాబాదు రోడ్డుమీద చిన్న మడిగెలో బట్టలు కుట్టేవాడు. "సార్, గిది సర్కార్‌దా, సేట్‌దా?"

నేను నీళ్ళు నమిలాను. తరువాత తెలుసుకున్నదేమంటే, దానిని కట్టిన సంస్థలో ఎల్ అండ్ టీ వాటా 89 శాతం, రాష్ట్ర ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ వాటా 11 శాతం. సమాధానం కొంత సేటుది, కొంత సర్కారుది. కానీ వాడి ప్రశ్న నేను అనుకున్నంత చిన్నది కాదు. భవనంలో వాటా సంగతి అటుంచి, దాని చుట్టూ వేసిన రోడ్డు ఎవరిది, కరెంటు ఎవరిది, భూమి ఎవరిది, మాఫీ చేసిన పన్ను ఎవరిది అని అడుగుతూపోతే నా లెక్క తేలలేదు. ఇరవయ్యారేళ్ళుగా నేను దానికి జవాబు వెతుకుతూనే ఉన్నాను.

ఆ సంవత్సరాలను కొంచెం తిరగేస్తాను. 1983లో ఎన్టీరామారావుగారు పెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం ధర 1996లో మూడున్నర అయింది. ఖజానా ఖాళీ, సబ్సిడీలు మోయలేమని ప్రభుత్వం శ్వేతపత్రం వేసింది. మా బడిలో ఆ సంవత్సరం ఏం జరిగిందో నేను చూశాను. కంట్రోలు దుకాణంలో బియ్యం తెచ్చుకునే ఇళ్ళ పిల్లలు తరగతిలో సగానికి పైగా ఉండేవారు. అర్థరూపాయి, రూపాయి తేడా మనకు తేడాగా కనబడదు. నెలాఖరు వారంలో హాజరుపట్టీలో కనబడుతుంది. రెండో పీరియడుకు తలలు బల్లమీద వాలిపోయేవి. ప్రభుత్వ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం రావడానికి ఇంకా ఏడేళ్ళు పట్టింది.

ఆ మరుసటి ఏడే, 1997లో, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసి, లాప్‌టాప్‌లో మన రాష్ట్రాన్ని చూపించి ఒప్పించారు. 1998లో మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం హైదరాబాదుకు వచ్చింది. అది చిన్న విషయం కాదు, ఆయన చొరవను తక్కువ చేయను. బెంగుళూరుకు పోవలసినదానిని మనవైపు తిప్పినవాడాయన. అయితే ఆ కాలపు రాష్ట్ర ఐటీ విధానాల్లో ఏముందో తరువాతెప్పుడో చదివాను. ఐటీ సంస్థలకు కరెంటు కోతలు వర్తించవు. వాణిజ్య రేటు కాకుండా పరిశ్రమల రేటు. కాలుష్య నియంత్రణ చట్టం నుంచి మినహాయింపు. ఇచ్చే ఉద్యోగాల లెక్కన భూమి ధరలో తగ్గింపు. కేంద్రం వైపు నుంచి సాఫ్ట్‌వేర్ పార్కుల్లోని ఎగుమతి సంస్థలకు ఆదాయపు పన్ను మినహాయింపు, అది 2011 మార్చి 31 దాకా నడిచింది.

2000లో అందరికీ కరెంటు చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న బషీర్‌బాగులో నిరసనకారులమీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. మా ప్రాంతంలో కోతలకు వేళాపాళా ఉండేది కాదు. ఆ పిల్లవాడి తండ్రి కొత్తగా మిషనుకు మోటారు పెట్టించుకున్నాడు. బిల్లు చూసి మోటారు తీసేసి మళ్ళీ కాలితో తొక్కడం మొదలుపెట్టాడు. పిల్లవాడు పదో తరగతి పరీక్ష రాయలేదు. రెండో మిషను తొక్కడానికి మనిషి కావాలి కదా. నేను ఇంటికి వెళ్ళి అడిగాను. తండ్రి లేచి నిలబడి, "పంతులుగారూ, మీరు కూర్చోండి, చాయ్ తెప్పిస్తా" అన్నాడే తప్ప వేరే మాట చెప్పలేదు. ఆ చాయ్ తాగి తిరిగి వచ్చాను. వాడు మంచి చదువరి. సమాసాలు చెబితే నాకంటే ముందే విడదీసేవాడు.

మాదాపురంలో దీపాలు వెలగడం వల్లనే ఛత్రినాకలో చీకటి పడిందని నేను అనను. అంత సులువుగా కార్యకారణాలు ముడివేయరాదు. ఆ దీపాల కింద మా బంధువుల పిల్లలు, మీ పిల్లలు, మా అల్లుడుగారు సైతం బతుకు దిద్దుకున్నారు. ఆయన చదివింది ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలలో. మొదటి ఉద్యోగం ఆ పన్ను మినహాయింపు నీడలో నడిచిన కార్యాలయంలో. నా పింఛను కూడా ఖజానా సొమ్మే. ఈ దేశంలో సర్కారు గొడుగు కింద ఎప్పుడూ నిలబడనివాడు ఎవడో నాకు కనిపించలేదు. కొందరికి ఆ గొడుగు కింద నిలబడ్డామని గుర్తుంటుంది, కొందరికి ఉండదు. అంతే తేడా.

సంపన్నులకు సర్కారు చేయూత మన ఊరికి కొత్తదీ కాదు. ఏడవ నిజాం కాలంలోనే పరిశ్రమలకు పెట్టుబడి పెట్టడానికి ఒక నిధి ఏర్పాటయింది, బోధనులో నిజాం షుగర్స్ 1937లో వచ్చింది. కాకపోతే ఆ రోజుల్లో దానిని దాచిపెట్టి, 'నేను ఎవరి సాయమూ లేకుండా పైకి వచ్చాను' అని చెప్పుకునే అవసరం ఎవరికీ ఉండేది కాదు. అందరికీ తెలిసిన దర్బారే కదా.

ఇక సాంకేతిక రంగపు కోటీశ్వరులు ఏ పక్షమన్నది. మన ఊళ్ళో దానికి పెద్ద ఉదాహరణ సత్యం రామలింగరాజుగారు. చంద్రబాబుగారి కాలంలో ఆయన కొత్త హైదరాబాదుకు ముఖచిత్రం. 2004లో రాజశేఖరరెడ్డిగారు ఉచిత విద్యుత్తు దస్త్రం మీద మొదటి సంతకం చేసి వచ్చారు, రాజకీయం తలకిందులయింది. కానీ ఆయన పరపతి చెక్కుచెదరలేదు. 2005లో ఆయన మొదలుపెట్టిన 108 అంబులెన్సు సేవకు ఖర్చులో అధికభాగం కొత్త ప్రభుత్వమే భరించింది. ఆ అంబులెన్సు వల్ల బతికినవారు నాకు తెలుసు, ఆ మేలును మరువరాదు. 2008లో ఆయన కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థకు హైదరాబాదు మెట్రోరైలు దక్కింది. అందరూ ప్రభుత్వాన్ని రాయితీ అడిగేచోట, తామే ప్రభుత్వానికి ఎదురు 30,311 కోట్ల రూపాయలు ఇస్తామని రాసి ఆ సంస్థ టెండరు గెలిచింది. ఢిల్లీ మెట్రో శ్రీధరన్‌గారు అప్పుడే లేఖ రాసి హెచ్చరించారు, ఇందులో భూముల లాభాపేక్ష ఉందని. ఎవరు వింటారు? 2009 జనవరి 7న సత్యం ఖాతాల గుట్టు ఆయనే బయటపెట్టుకున్నారు. ఆ జులైలో మెట్రో ఒప్పందం రద్దయింది. 2015లో న్యాయస్థానం శిక్ష వేసింది, పైకోర్టు దానిని నిలిపివేసింది. తరువాతి టెండరులో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం అడిగి పని దక్కించుకుంది. ఎదురిస్తానన్నవాడు పోయి, అడిగి పుచ్చుకున్నవాడు రైలు నడిపాడు. అడిగి పుచ్చుకోవడమే నయమని నాకప్పుడే అనిపించింది.

మేము ఉండేది ఛత్రినాక. ఛత్రి అంటే గొడుగు. 'ఏ ఎండకా గొడుగు' అనే సామెత వినబడినప్పుడల్లా మా పేటను తలుస్తున్నారేమోనని నవ్వుకుంటాను. ధనవంతుల రాజకీయం ఎటు మొగ్గుతుందని విశ్లేషించేవారు వామపక్షం, మితవాదం అని పెద్దమాటలు వాడతారు. నాకు ఆ సామెత చాలు. ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసి, వివరాలు బయటపెట్టించినప్పుడు, దేశంలో రెండవ పెద్ద కొనుగోలుదారు మన హైదరాబాదు సంస్థేనని తేలింది. 966 కోట్ల రూపాయలు. అది సాఫ్ట్‌వేర్ సంస్థ కాదు, నిర్మాణ సంస్థ. అయినా నేర్పు ఒక్కటే. ఆ బాండ్లు బీజేపీకి వెళ్ళాయి, బీఆర్ఎస్‌కు వెళ్ళాయి, డీఎంకేకు, వైసీపీకి, తెలుగుదేశానికి, కాంగ్రెసుకు కూడా వెళ్ళాయి. ఇందులో సిద్ధాంతం వెతకడం ఇసుకలో తైలం పిండడమే. ఈ మధ్యవర్తిత్వమే అక్కరలేదని నేరుగా గద్దెమీదికే వచ్చినవారూ ఉన్నారు. అమెరికాలో ఇంటర్నెట్టు ద్వారా పరీక్షల శిక్షణ వ్యాపారం పెంచిన పెమ్మసాని చంద్రశేఖర్‌గారు 2024లో 5,700 కోట్లకు పైబడిన ఆస్తులు ప్రకటించి గుంటూరు నుంచి గెలిచారు, కేంద్రంలో సహాయమంత్రి అయ్యారు. దాచకుండా ప్రకటించారు, ప్రజలు ఓటు వేశారు. ఇంతకంటే సూటిదారి ఏముంటుంది?

అల్లుడుగారు పొగిడిన రాకెట్ల మనిషి సంగతికి వస్తాను. ఇలాన్ మస్క్ ప్రతిభను కాదనేవాడు మూర్ఖుడు. ఆకాశానికి వెళ్ళిన రాకెట్టును మళ్ళీ నేలమీద నిలబెట్టినవాడు. అయితే 'ఎవరి సాయమూ లేకుండా' అన్నారే, అక్కడ నా ఎర్రసిరా కలం లేచింది. ఆయన కార్ల సంస్థ కష్టాల్లో ఉన్న రోజుల్లో, 2010లో, అమెరికా ఇంధనశాఖ 46.5 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. 2013లో గడువుకు ముందే తీర్చేశారు, ఆ మాట కూడా చెప్పాలి. రాకెట్లకు పెద్ద ఖాతాదారు నాసా. ఆయన సంస్థలకు ఇన్నేళ్ళలో ప్రభుత్వ కాంట్రాక్టులు, అప్పులు, సబ్సిడీలు, పన్ను రాయితీలు కలిపి కనీసం 3,800 కోట్ల డాలర్లు అందాయని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 2025 ఫిబ్రవరిలో లెక్క తేల్చింది. అల్లుడుగారు నాతో ఆ మాట అన్నది సరిగ్గా ఆ నెలలోనే.

ఒకప్పుడు డెమోక్రాట్లకు ఓటు వేసేవాడినని ఆయనే చెప్పుకున్నారు. 2022లో రిపబ్లికన్లవైపు తిరిగారు. 2024 ఎన్నికల్లో ట్రంప్ పక్షాన 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుచేశారు. 2025 జనవరి 20న ప్రమాణస్వీకారం నాడు అధ్యక్షుని వెనుక మస్క్, బెజోస్, జుకర్‌బర్గ్, మన తమిళసోదరుడు పిచాయ్ వరసగా నిలబడ్డ ఫొటో మీరూ చూసే ఉంటారు. జూన్ నాటికి స్నేహం చెడింది. అప్పుడు అధ్యక్షుడు బెదిరించిన బెదిరింపు ఏమిటి? నీ సబ్సిడీలు, కాంట్రాక్టులు రద్దు చేస్తానని! ఎవరి సాయమూ లేనివాడిని అలా బెదిరించడం కుదురుతుందా? నేను ఏ గ్రంథాలయానికీ వెళ్ళకుండానే నాకు కావలసిన ప్రమాణం అధ్యక్షుడే ఇచ్చేశారు.

ఆ ఆగస్టులో ఇంటెల్ సంస్థలో దాదాపు పదిశాతం వాటా అమెరికా ప్రభుత్వమే తీసుకుంది. అంతకుముందు చిప్పుల తయారీకి ఇస్తామన్న సాయాన్ని వాటాగా మార్చుకుంది. పెట్టుబడిదారీ వ్యవస్థకు పుట్టిల్లనుకునేచోట! సర్కారుదా, సేటుదా? నా తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆ రోజు వాషింగ్టనులో ఉంటే బాగుండేదనుకున్నాను.

సెప్టెంబరు 4న శ్వేతసౌధంలో విందు. బిల్ గేట్స్, మన బేగంపేట బడిలో చదివిన సత్య నాదెళ్ళ, పిచాయ్, జుకర్‌బర్గ్, టిమ్ కుక్ అందరూ బల్లచుట్టూ కూర్చుని అధ్యక్షునికి ధన్యవాదాలు చెప్పారు. పదిహేను రోజులకు, సెప్టెంబరు 19న, కొత్త హెచ్1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అనే ఉత్తర్వు వెలువడింది.

ఆ వారం ఫోను ఆదివారం దాకా ఆగలేదు. శనివారం పొద్దున్నే మోగింది. అమ్మాయి గొంతు వణుకుతున్నది. అల్లుడుగారు ఆఫీసు పనిమీద ఇండియా వచ్చి బెంగుళూరులో ఉన్నారు. మరునాటిలోగా అమెరికాలో అడుగుపెట్టకపోతే లక్ష డాలర్లు కట్టాలేమోనని, ఉన్నపళంగా తిరిగి రమ్మని ఆయన కంపెనీ సందేశం పంపింది. ఛత్రినాకకు వచ్చి మమ్మల్ని చూసి వెళదామనుకున్నవారు విమానాశ్రయంలో టిక్కెట్టు కోసం తిరుగుతున్నారు. మధ్యలో ఆయనే నాకు ఫోను చేశారు. పదిహేనేళ్ళలో అమ్మాయి పక్కన లేకుండా మేమిద్దరమే మాట్లాడుకున్నది అదే మొదటిసారి. "ఇన్నేళ్ళు పన్నులు కట్టాను మామయ్యగారూ. ఒక్క రోజు వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆ విందులో కూర్చున్నవాళ్ళలో ఒక్కరైనా మా గురించి మాట అడ్డం వేయకపోయారా?" అన్నారు.

ఫిబ్రవరిలో మింగిన మాటలన్నీ నా నాలుక చివర ఉన్నాయి. "భోజనం చేశారా బాబూ?" అన్నాను. లేదన్నారు. ముందు ఏదైనా తినమన్నాను. ఆ రాత్రికే వివరణ వచ్చింది. రుసుము కొత్త దరఖాస్తులకేనని, ఉన్న వీసాలకు కాదని. ఆయన అప్పటికే విమానంలో ఉన్నారు. మా ఆవిడ ఆయన కోసం చేసిపెట్టిన సకినాలు డబ్బాలోనే ఉండిపోయాయి.

ఆ తరువాత చాలా రోజులు నేను ఆలోచించింది లక్ష డాలర్ల గురించి కాదు. సాయం పుచ్చుకునేచోట మనిషిని నిలబెట్టే తీరు గురించి. మా వీధి చివర కంట్రోలు దుకాణంలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు. తీసుకోవాలంటే యంత్రంమీద వేలు పెట్టాలి. గిన్నెలు తోమి తోమి గీతలు అరిగిపోయిన వేళ్ళు యంత్రానికి అందవు. ఒక ముసలావిడ వేలిని చీరకొంగుతో తుడుచుకుని నాలుగుసార్లు పెట్టడం నేను కళ్ళారా చూశాను. తను తనేనని రుజువు చేసుకుంటేనే ఆరు కిలోలు. తప్పులేదు, ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి.

విశాఖపట్నంలో 2025లో టీసీఎస్‌కు 21 ఎకరాల పైచిలుకు భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. పన్నెండువేల ఉద్యోగాలు వస్తాయన్నారు. ఆ తరువాత కాగ్నిజెంట్‌కు కూడా అదే ధర. అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో డేటాకేంద్రం పెడతానని ప్రకటించింది. దానికి 22,000 కోట్ల రూపాయల మేరకు ప్రోత్సాహకాలు ఇస్తున్నారని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే ఎత్తిపొడిచారు. రాష్ట్రాలు పోటీపడి సేటు ముందు తట్టలు పట్టుకుని నిలబడడం చూస్తే పెళ్ళివారికి మర్యాదలు చేసే ఆడపెళ్ళివారు గుర్తుకువస్తారు. విశాఖ పిల్లలు హైదరాబాదుకో బెంగుళూరుకో పోకుండా ఇంటిదగ్గరే ఉండాలన్న తాపత్రయం నాకు అర్థమవుతుంది. అమ్మాయిని పరాయిదేశం పంపుకున్నవాడిని, నాకు అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది? భూమి ఇవ్వండి, పన్ను తగ్గించండి. కానీ ఆ పన్నెండువేల ఉద్యోగాలకు వేలిముద్ర యంత్రం ఎక్కడుంది? అయిదేళ్ళ తరువాత వెళ్ళి లెక్కపెట్టేది ఎవరు? లెక్క తక్కువైతే భూమి వెనక్కు తీసుకునే డీలరు ఎవరు? ముసలావిడను నాలుగుసార్లు అడిగిన ప్రశ్న సేటును ఒక్కసారైనా అడగాలని నా కోరిక. అడిగి ఇస్తే దానిని నేను కూడా రాయితీ అనే పిలుస్తాను, రైతు పక్కన కూర్చోబెడతాను.

మొన్న దసరా వెళ్ళాక అలియాబాదు వైపు నడకకు వెళ్ళాను. మా పాత శిష్యుడు, సమాసాలు విడదీసినవాడు, ఇప్పుడు తండ్రి మడిగెలోనే కుడుతున్నాడు. నలభై దాటిన మనిషి. మిషనుకు మోటారు ఉంది. నన్ను చూడగానే కత్తెర కిందపెట్టి లేచి నిలబడ్డాడు, అచ్చం తండ్రిలాగే చాయ్ తెప్పించాడు. మడిగె ముందుభాగం గోడమీద ఎర్రరంగుతో గీత గీసి ఉంది. పాతనగరానికి మెట్రో వస్తున్నది కదా. మొదటి ఒప్పందంలోనే ఉన్న దారి, మిగతా ఊరంతా రైళ్ళు తిరిగినా మావైపు మాత్రం రాలేదు. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారు ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు. రోడ్డు వెడల్పుకు పోయే జాగాకు చదరపు గజానికి 81,000 రూపాయల చొప్పున ఇస్తామన్నారు, 2025 జనవరిలో చెక్కులు ఇవ్వడం మొదలైంది. మావాడి ముప్పై గజాల్లో పద్నాలుగు పోతాయట.

"పైసల్ మంచిగనే ఇస్తుండ్రు సార్. గని పదహారు గజాలల్ల రెండు మిషన్లు పట్టయి" అన్నాడు. పట్టా కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో నుంచి తీసి చూపించాడు. వారసత్వపు ధ్రువపత్రంలో తండ్రి పేరు ఒకచోట ఒకరకంగా, ఇంకోచోట ఇంకోరకంగా ఉంది. ఒక అక్షరానికి దీర్ఘం తేడా. దానిని సరిచేయించుకోవడానికి ఒక అర్జీ రాసిపెట్టమన్నాడు. తెలుగులో రాయనా, ఇంగ్లీషులోనా అంటే, "మీరు తెలుగుల రాస్తే వాళ్ళు కాదనరు సార్" అన్నాడు నవ్వుతూ.

బల్లమీద బట్టలు పక్కకు జరిపి చోటు చేశాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా అడిగాడు.

"సార్, మెట్రోను ఎల్ అండ్ టీ వాళ్ళు ఇడిసిపెడుతుండ్రట గద. గిప్పుడు గది సర్కార్‌దా, సేట్‌దా?"

పాతికేళ్ళ కిందటి ప్రశ్న వాడికి గుర్తుందో లేదో నేను అడగలేదు. 2025 సెప్టెంబరులో ఒప్పందం కుదిరిందని, దాదాపు 13,000 కోట్ల అప్పుతో సహా ప్రభుత్వం తీసుకుంటున్నదని చెప్పాను. వాడు నోటితో సూది పట్టుకుని కొంచెంసేపు ఆలోచించాడు.

"అప్పు సర్కార్‌ది అన్నట్టు" అన్నాడు.

అవునన్నాను. అర్జీలో తండ్రి పేరుకు దీర్ఘం ఎక్కడ ఉండాలో మరోసారి అడిగి, సరిగ్గా రాసి, సంతకానికి చోటు వదిలి ఇచ్చాను.